కోయభాషయందలి క్రియలు – నిత్యవ్యవహార పదములు

ఒక భాష మఱియొక భాషకు అపభ్రంశమా, లేక దానికి తోబుట్టువా అను ప్రశ్న మొదట పండితులకు మాత్రమే సంబంధించిన దానివలె తోచును. కాని ఆ భాషను మాట్లాడు బాలుడు బడిలో అడుగిడిననాడు అది వాని చదువునకు సంబంధించిన ప్రశ్న యగును. జనాభా లెక్కలు వ్రాయువారు వాని గడపకు వచ్చిననాడు ఆ జాతి తన నోట తాను పలుకు మాటకు లెక్కలో చోటున్నదా లేదా అను ప్రశ్న యగును. గోదావరికి ఇరువైపుల అడవులలో నివసించు కోయల భాష విషయమున ఈ ప్రశ్న చిరకాలముగా నిలిచియున్నది. తెలుగువారిలో పెక్కురు దానిని చెడిన తెలుగుగా భావింతురు. ఆ భావము సరియైనదా కాదా అని తేల్చుటకు ఆ భాషలోని క్రియలను, అనుదినము వాడుకలో నుండు కొన్ని మాటలను పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

1. సీమ, జనము

పూర్వపు ఓరుగల్లు జిల్లాలో ఘనపూర్ అను పేరుగల ఊళ్లు ఒకటికంటె ఎక్కువ గలవు. జనగామ వైపున రైలుమార్గముపై నున్నది స్టేషన్ ఘనపూర్. ములుగు దారిన, నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో నున్నది ఘనపూర్. దీనినే గణపురమనియు అందురు. ఇచ్చటి కోటగుళ్లు కాకతీయుల కాలపు శిల్పమునకు ప్రసిద్ధములు. ఈ రెండు ఘనపూర్ల పేరు ఒక్కటే యైనను, భాషాచరిత్రకారునికి అవి రెండు వేఱు అంచులు. పడమటి ఘనపూర్ చెరువుల కింది వరిపొలముల తెలుగు సీమలో నున్నది. తూర్పు ఘనపూర్ దాటిన పిమ్మట ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారము అడవులు ఆరంభమగును. దక్షిణమున మహబూబాబాద్ జిల్లాలోని గూడూరు, కొత్తగూడ, గంగారము వఱకు ఆ అడవియే సాగును. ఈ అడవి కోయల నివాసము.

2016వ సంవత్సరమున ఓరుగల్లు జిల్లాను విభజించినప్పుడు ఈ కోయసీమ జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాలకు పంచబడినది. 2019లో ములుగు ప్రత్యేక జిల్లా యయ్యెను. కావున ఒకే జనము నేడు మూడు జిల్లాల లెక్కలలో కనబడుచున్నది. తాడ్వాయి మండలములోని మేడారమున రెండేండ్ల కొకసారి జరుగు సమ్మక్క సారలమ్మల జాతరకు లక్షలకొలది జనులు పోవుదురు. అచ్చటి పూజారులు కోయలు. వారి దేవతలను ఎఱుగని తెలుగువాడు అరుదు. వారి భాషలో నాలుగు మాటలు ఎఱిగినవాడు అంతకంటెను అరుదు.

2001వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఒక్క ఆంధ్రప్రదేశముననే కోయ తెగవారు 5,68,019 మంది యుండిరి. ఆ లెక్కలలోనే కోయ మాతృభాష యని చెప్పినవారు దేశమంతట కలిపి 3,62,070 మంది మాత్రమే. 2011 నాటికి ఈ భాషాసంఖ్య 4,07,423 అయ్యెను. ఒడిస్సా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములయందును కోయలున్నారని తలచినచో ఈ వ్యత్యాసము ఇంకను పెద్దది. కొందఱి మాటను గోండి పేరుతో వ్రాసియుండవచ్చును. అయినను మిగిలిన వ్యత్యాసమునకు ఒక ముఖ్యకారణము: కోయలలో పెక్కుకుటుంబములు ఇంట తెలుగే మాట్లాడుచున్నవి. మైదానమునకు చేరువగా నున్న గూడెములలో ఈ మార్పు మఱింత సాగినది. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌నుండి వలసవచ్చి ఈ అడవులలో నిలిచిన గుత్తికోయల యిండ్లలో మాత్రము భాష ఇంకను సజీవముగా నున్నది.

2. భాషను వ్రాసినవారు

కోయకు ప్రాచీన లిపి లేదు, శాసనము లేదు, తాళపత్రము లేదు. దీనిని కాగితముపై పెట్టినవారిలో తొలివారు గోదావరి యొడ్డున దుమ్ముగూడెములో నుండిన క్రైస్తవ మిషనరీలు. గోదావరి యెగువభాగమున పడవల రాకపోకలకై సాగిన పనులను నడపిన ఇంజనీరు హేగ్ దొర ప్రోత్సాహముతో ఆ మిషను ఏర్పడినది. అచ్చట పనిచేసిన జాన్ కెయిన్ 1870ల దశకమునుండి ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో భద్రాచలము, రేకపల్లి తాలూకాలను గూర్చియు, కోయల ఆచారములను గూర్చియు, భాషను గూర్చియు వ్రాసెను.

గ్రియర్సన్ సంపాదకత్వమున వెలువడిన భారతీయ భాషాపరిశీలన గ్రంథమాలలో నాలుగవ సంపుటము 1906లో వచ్చినది. అందు ముండా, ద్రావిడ భాషల భాగమును స్టెన్ కోనో వ్రాసెను. కోయను ఆయన గోండికి మాండలికముగా నిర్ణయించెను. ఆ నిర్ణయము నేటికిని స్థూలముగా నిలిచియున్నది. అయితే ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. ఆ పరిశీలన మదరాసు రాజధానికిని, హైదరాబాదు సంస్థానమునకును వర్తింపలేదు. కావున ఘనపూర్, ములుగు ప్రాంతపు కోయల మాట ఆ మహాగ్రంథమున నేరుగా సేకరింపబడలేదు. నిజాము రాజ్యపు కోయలు జనాభా లెక్కలలో సంఖ్యగా నిలిచిరే కాని, వారి వాక్యములు భాషాగ్రంథములలో చోటుచేసికొనలేదు.

సంస్థానమున గిరిజనుల స్థితిగతులను పరిశీలించిన హైమెండార్ఫ్ కృషి ప్రధానముగా చెంచులు, కొండరెడ్లు, ఆదిలాబాదు రాజగోండులకు సంబంధించినది. ఆయన పూనికతో 1943లో ఆదిలాబాదులోని మార్లవాయియందు గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఆరంభమయ్యెను. దేవనాగరి లిపిలో గోండి వాచకములును సిద్ధమయ్యెను. తూర్పున కోయసీమకు అట్టి భాగ్యము ఆనాడు కలుగలేదు.

తరువాతి కాలమున శాస్త్రీయ పరిశోధన వేగముగా సాగినది. బరో, భట్టాచార్యలు 1960లో గోండి మాండలికముల తులనాత్మక పదావళిని ప్రకటించిరి. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో వెలువడి, 1984లో సవరింపబడి మరల వచ్చినది. 1961లోనే భద్రిరాజు కృష్ణమూర్తిగారి ‘తెలుగు వెర్బల్ బేసెస్’ అను గ్రంథము వచ్చినది. తెలుగు క్రియాధాతువులను సోదరభాషల ధాతువులతో పోల్చి, తెలుగునకు అత్యంత సన్నిహితములు తమిళ కన్నడములు కావనియు, గోండి, కొండ, కుయి, కువి మున్నగు భాషలనియు వారు నిరూపించిరి. ఈ నిరూపణమునకు ఆధారము క్రియయే యగుట మన ప్రస్తుత విషయమునకు ముఖ్యము. 1968లో పి. యస్. సుబ్రహ్మణ్యముగారి గోండి వర్ణనాత్మక వ్యాకరణము, 1969లో స్టీఫెన్ టైలర్ వ్రాసిన గొమ్ముకోయల భాషావ్యాకరణము వెలువడినవి.

3. నామములు చెప్పు సాక్ష్యము

కోయ చెడిన తెలుగు అనువారు సామాన్యముగా నామపదములను చూపుదురు. సంత, అప్పు, బడి, పట్టా వంటి మాటలు కోయల నోట వినబడుట సహజము. సంతను నడపినవాడు, అప్పిచ్చినవాడు, పన్ను వసూలు చేసినవాడు ఏ భాష మాట్లాడెనో ఆ భాషనుండియే ఆ మాటలు వచ్చును. తెలుగులోని తహసీలు, జమాబందీ, దస్తావేజు మున్నగు పదములను చూచి తెలుగును చెడిన ఉర్దూ యని ఎవ్వరును అనరు గదా. వస్తువుతోపాటు వచ్చిన పేరు భాష పుట్టుకకు సాక్షి కాదు.

అంగముల పేర్లు, నిప్పు, నీరు, ఇల్లు, ఊరు వంటి మాటలు వేఱు విధమైనవి. ఇవి సంతనుండి వచ్చునవి కావు. తెలుగులో ‘చేయి’ అనుదానిని కోయలో ‘కయ్’ అందురు. తెలుగు ‘చెవి’కి గోండి మాండలికములలో ‘కెవి’, ‘కవి’ అను రూపములు గలవు. తెలుగు ‘చిచ్చు’కు గోండిలో ‘కిస్’. మూలద్రావిడ కకారము తాలవ్యాచ్చులకు ముందు చకారమగుట తెలుగున జరిగిన మార్పు. కన్నడమున కై, కివి, కిచ్చు అను రూపములే నిలిచినవి. తెలుగున ఈ మార్పు మనకు వాఙ్మయము పుట్టునాటికే ముగిసినది.

ఇక్కడ తర్కము సులభము. కోయ తెలుగునుండి చెడి పుట్టినదైనచో, ‘చేయి’ యందలి చకారము చెడి మఱియొక ధ్వని కావలసియుండెను. అది వెనుకకు నడచి వేయేండ్లకు పూర్వపు కకారమగుట పొసగదు. కావున ‘కయ్’ అనునది తెలుగు ‘చేయి’కి సంతానము కాదు, ఆ రెండును ఒక తల్లి బిడ్డలు. అందును ఈ ధ్వని విషయమున పాతరూపమును కాపాడినది కోయయే.

తెలుగు ‘పంది’కి కోయలో ‘పద్ది’ యందురు. తమిళమున ‘పన్ఱి’. ఈ మూడు రూపములను గుర్తుంచుకొనవలెను. క్రియల ప్రకరణమున వీనితో పని గలదు. ఇల్లు ‘లోను’, ఊరు ‘నారు’. ఈ ‘నారు’ మన ‘నాడు’తో సంబంధించినది, తెలుగున సీమకు పేరైనది కోయలో గూడెమునకు పేరైనది. ‘ఏరు’ అనగా కోయలో నీరు. తెలుగున అదే మాటకు ప్రవహించు వాగు అని అర్థము. ఒకే ధాతుసంపదను రెండు కుటుంబములు పంచుకొని వేఱు వేఱు పనులకు వాడుకొన్న తీరు ఇట్లుండును.

4. క్రియాధాతువులు

నామములకంటె క్రియలు గట్టి సాక్ష్యము నిచ్చును. ఉండుట, వచ్చుట, తినుట, తాగుట, చూచుట, వినుట, అనుట అను పనులకు మాటలు ఏ జాతియు పొరుగువారినుండి తెచ్చుకొనదు. తెచ్చుకొన్నను మిక్కిలి ఆలస్యముగా తెచ్చుకొనును.

‘మన్-’ అను ధాతువుతో ఆరంభింతము. కోయలో దీనికి ఉండుట యని అర్థము. ‘ఓండు మంతోండు’ అనగా వాడున్నాడు. తెలుగున ‘మను’ అను ధాతువు కలదు. దాని యర్థము జీవించుట. మనికి, మనుగడ అనునవి దాని రూపములు. నేటి తెలుగు వాడుకలో ఈ క్రియ దాదాపు మఱుగుపడి, నామములయందు మాత్రమే నిలిచినది. కోయ గూడెమున అది ప్రతివాక్యమునను పలుకబడుచున్నది. ప్రాచీనకావ్యములు చదువు విద్యార్థి ‘మను’ ధాతువునకు ఉదాహరణముకై నిఘంటువును వెదకును. దాని సోదరరూపము తాడ్వాయి అడవిలో సజీవముగా నున్నది.

‘ఇన్-’ అనగా అనుట. తమిళమున ‘ఎన్’, తెలుగున ‘అను’. ‘కేంజ్-’ అనగా వినుట. తమిళ కన్నడముల ‘కేళ్’ ధాతువునకు ఇది బంధువు. తెలుగు మాత్రము ఈ అర్థమున ‘విను’ను గ్రహించినది. కావున ఇక్కడ కోయ తెలుగును విడిచి దూరపు దాయాదులతో కలిసినది. ‘పున్-’ అనగా ఎఱుగుట. ఇది కుయి, కువి భాషలలో సమానరూపములు గలది. కూర్చుండుటకు ‘ఉద్ద్-’, నవ్వుటకు ‘కవ్వ్-’ అను ధాతువులు గోండి కుటుంబమున గలవు. ‘వా-’ అనగా వచ్చుట; దీని సంబంధము తెలుగు ‘వచ్చు’తో స్పష్టము.

రూపము తెలుగువలె నుండి అర్థము వేఱైన క్రియలు మఱియొక వర్గము. ఇవి బడియందు చిక్కు తెచ్చునవి గనుక ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ‘ఉండ్-’ అనగా కోయలో తాగుట. తమిళ కన్నడములలో దీని సోదరధాతువు భుజించుట యను అర్థమున వాడబడును. తెలుగు చెవికి మాత్రము అది ‘ఉండు’ అని వినబడును. ‘తాక్-’ అనగా నడచుట. తెలుగున ‘తాకు’ అనగా స్పృశించుట. ‘ఊడ్-’ అనగా చూచుట. తెలుగున ‘ఊడు’ అనగా వదలిపోవుట. ‘ఏరు’ను ఇదివఱకే చెప్పితిమి. ఉపాధ్యాయుడు ‘ఇక్కడ ఉండు’ అని చెప్పినప్పుడు, తొలినాడు బడికి వచ్చిన కోయబిడ్డకు ఏమి స్ఫురించునో ఊహింపవచ్చును. ఆ బిడ్డ తెల్లబోవుట మాంద్యమువలన కాదు. వాని భాషలో ఆ ధాతువునకు వేఱు అర్థ ముండుటవలన.

‘ఊడ్-’ అను రూపమును చూచి, ‘చూడు’లోని చకారము అడవివారి నోట జాఱిపోయినదని కొందఱనవచ్చును. కాని గోండి మాండలికములన్నిటిని వరుసగా చూచినచో ఇందొక క్రమము కనబడును. ఉత్తర, పశ్చిమ గోండిలో సకారము. నడిమి ప్రాంతమున హకారము. ఆగ్నేయమున కోయలో శూన్యము. చూచుటకు సూడ్-, హూడ్-, ఊడ్-. ఇచ్చుటకు సీ-, హీ-, ఈ-. లేదనుటకు సిల్లె, హిల్లె, ఇల్లె. మూడు జతలయందును అడుగు తప్పని వరుస యున్నది. ధ్వని ఒక్కొక్క మెట్టు దిగుచు పోయిన మార్గము దేశపటముపై నేటికిని చూడనగును. ఇట్టి నియతి గల మార్పును అపభ్రంశ మనరాదు, అది ధ్వనిసూత్రము.

మఱియు ఇట్టి మార్పునకు తెలుగును లోనైనదే. తెలుగు ‘ఇచ్చు’, ‘ఆరు’, ‘ఉప్పు’ అను మాటలకు గోండిలో ‘సీ-’, ‘సారుంగ్’, ‘సోవర్’ అను రూపములు గలవు. మూలద్రావిడ పదాదిని ఉండిన చకారము ఈ మాటలలో తెలుగున లోపించినది. గోండిలో సకారముగా నిలిచినది. కావున ‘ఊడ్-’ అన్న కోయవాడు భాషను చెడగొట్టినచో, ‘ఉప్పు’ అన్న నన్నయ కాలపువాడును చెడగొట్టినట్లే యనవలెను.

5. క్రియారూపనిర్మాణము

ధాతువుకంటెను లోతైన సాక్ష్యము రూపనిర్మాణమున గలదు. కోయక్రియ తెలుగుక్రియవలెనే మూడు భాగములు గలది: ధాతువు, కాలప్రత్యయము, పురుషప్రత్యయము. భూతకాలమున తకారము ప్రధానము. ‘వా-త్-ఓండు’ కలిసి ‘వాతోండు’ అగును. వాడు వచ్చెనని అర్థము. చివరి ‘-ఓండు’ వాడు అను సర్వనామమునకు సంబంధించినది.

ధాతువు నకారాంతమైనప్పుడు జరుగు సంధి గమనింపదగినది. ‘తిన్-’ ధాతువునకు తకారము చేరగా ‘తిత్తోండు’, తినెను. ‘ఇన్-’ ధాతువునకు ‘ఇత్తోండు’, అనెను. ‘మన్-’ ధాతువునకు ‘మత్తోండు’, ఉండెను. నకారము తరువాతి తకారములో లీనమై ద్విత్వమైనది. తెలుగు కావ్యభాషలో ఇట్టిచోట ‘తింటిని’, ‘అంటిని’, ‘వింటిని’, ‘మంటిని’ అను రూపములు గలవు. తమిళమున ‘తిన్ఱాన్’, ‘ఎన్ఱాన్’ అందురు. మూడు భాషలయందును కలిసినవి అవే నకార తకారములు. తమిళమున ‘న్ఱ’ యైనది. తెలుగున బిందుపూర్వక టకారమైనది. కోయలో ‘త్త’ యైనది.

ఇప్పుడు పందిని తలచుకొనుడు. తమిళమున పన్ఱి, తెలుగున పంది, కోయలో పద్ది. క్రియయందు కనబడిన విభజనమే నామమునందును కనబడుచున్నది. అనునాసికమును నిలుపుకొన్నది తెలుగు. హల్లులో కలుపుకొన్నది కోయ. పురుషవాచకమైన ‘ఓండు’లో మాత్రము అనునాసికము నిలిచినది, అది మన ప్రాచీనశాసనముల ‘వాణ్డు’ రూపమును స్ఫురింపజేయును. ‘తిత్తోండు’ అనుదానిని ‘తింటి’నుండి గాని ‘తినెను’నుండి గాని సాధింప నెవ్వరికిని శక్యముకాదు. ఆ రెండును వేఱువేఱుగా మూలమునుండి దిగినవి. కోయ తెలుగునకు తోబుట్టువు అనుటకు ఇంతకంటె స్పష్టమైన ప్రమాణము అక్కఱలేదు.

లింగవ్యవస్థయు ఇట్టిదే. ఏకవచనమున కోయ, తెలుగు ఒకే తీరున నున్నవి: ‘ఓండు’ పురుషునకు, ‘అదు’ స్త్రీకిని, వస్తువునకును, జంతువునకును. బహువచనమున దారులు చీలినవి. తెలుగున స్త్రీలును పురుషులును ‘వారు’ అను మాటలో చేరిరి. పశువులు, వస్తువులు ‘అవి’లో నిలిచినవి. కోయలో ‘ఓరు’ పురుషులకు. ‘అవు’ స్త్రీలకును, ఇతరమునకును. కొండ మున్నగు మధ్యప్రాంతపు సోదరభాషలలోను ఇట్లే యుండును. తన తల్లిని, అక్కలను గూర్చి చెప్పుచు కోయబిడ్డ తెలుగున ‘అవి వచ్చినవి’ అన్నచో, వినువాడు దానిని అమర్యాద యనుకొనును. అది అమర్యాద కాదు. ఒక ప్రాచీనవ్యాకరణము మఱియొక భాషలోనికి వెంటవచ్చుట.

పొరుగుభాషనుండి క్రియను తెచ్చుకొన్నప్పుడును కోయ తన ప్రత్యయములను విడువదు. తెలుగు ధాతువునకు కోయ కాలప్రత్యయము, చివర ‘-ఓండు’ చేరి అది కోయక్రియ యగును. తెలుగు సంస్కృతధాతువులను ‘-ఇంచు’ చేర్చి తనవిగా చేసికొన్న పద్ధతియు ఇట్టిదే. మాట పరాయిదైనను కట్టు స్వంతమైనంతకాలము భాష నిలిచియే యున్నది. ఆ కట్టు సడలి, ధాతువుతోపాటు ప్రత్యయమును పొరుగుదే యైననాడు భాష పోయినట్లు లెక్క.

6. ఒక దూరదేశపు ఉదాహరణము

ఇట్టి సమస్య మనకొక్కరికే కాదు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున మిస్సోరీ నది యొడ్డున నివసించు ఒమాహా జాతివారి భాషాచరిత్ర కోయభాషాచరిత్రకు ఆశ్చర్యకరముగా సమాంతరమైనది. దుమ్ముగూడెమున జాన్ కెయిన్ కోయమాటలను వ్రాసికొనుచున్న దశకముననే, జేమ్స్ ఓవెన్ డార్సీ యను మఱియొక మతబోధకుడు ఆ సీమ భాషలను నేర్చి, ఒమాహాలు చెప్పిన కథలను, ఉత్తరములను వారి మాటలలోనే వ్రాసికొనెను. అవి 1890లో పెద్దగ్రంథముగా వెలువడినవి. ఒమాహా జాతిలోనే పుట్టిన ఫ్రాన్సిస్ లా ఫ్లెష్, ఆలిస్ ఫ్లెచర్‌తో కలిసి 1911లో తన జాతిని గూర్చి బృహద్గ్రంథమును ప్రకటించెను.

ఆ భాషయందును ప్రాణము క్రియయే. పోవుట, వచ్చుట అను రెండు మాటలతో మనము తృప్తిపడుచుండగా, ఒమాహాభాష పోవుటను, చేరుటను, తన తావునకు మరలిపోవుటను, మరలివచ్చి చేరుటను వేఱువేఱు క్రియలతో చెప్పును. మాటాడువాడు ఎచ్చట నున్నాడో, పోవువానికి ఏది స్వస్థానమో క్రియయే తెలుపును. ఆ భాష తెలిసిన పెద్దలు మిక్కిలి తగ్గిపోయిన కాలమున, ఆ జాతి బడియు, నెబ్రాస్కా విశ్వవిద్యాలయమును కలిసి పనిచేసి, 2018లో ఒక పాఠ్యగ్రంథమును వెలువరించిరి. నూఱేండ్లకు పూర్వము వ్రాసిపెట్టిన వాక్యము లుండుటవలన ఆ పని సాధ్యమైనది. వట్టి పేర్లపట్టిక యే యుండినచో ఆ క్రియావ్యవస్థ తిరిగి చిక్కెడిది కాదు.

7. చేయదగిన పని

మనకు మార్గదర్శకులు లేకపోలేదు. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడి సీమలో సవరలవద్ద భాష నేర్చి, 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును లోకమున కిచ్చిరి. సవరభాష ద్రావిడము కాకున్నను వారు దానిని తెలుగువాని బాధ్యతగానే యెంచిరి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో ఆరంభమైన మాండలిక వృత్తిపదకోశము, రైతు నోటి మాటను ప్రశ్నావళితో, ఊరి పేరుతో, క్రమముగా సేకరించు పద్ధతిని నేర్పినది. ఆ పద్ధతి కోయకును తగినది.

2004 ప్రాంతమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము మాతృభాషాధారిత బహుభాషా విద్యాపథకమున ఎనిమిది గిరిజనభాషలను గ్రహించి, తెలుగులిపిలో ప్రాథమిక వాచకములను సిద్ధము చేయించెను. అందు కోయయు నుండుట హర్షింపదగినది. 2023లో పార్లమెంటు చేసిన చట్టముతో ములుగునందు సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము ఏర్పడినది. కావున ఘనపూర్ దాటిన అడవి ఇప్పుడు పరిశోధకునకు దూరదేశము కాదు.

ఈ సీమలో పని చేయబూను విద్యార్థులకు ఒక సూచన చేయవచ్చును. సామాన్యముగా మనము భాషాసేకరణమును నామములతో ఆరంభింతుము. చెట్టును చూపి, పిట్టను చూపి, పేరడిగి వ్రాసికొందుము. కోయ విషయమున ఆ పద్ధతి మోసపుచ్చును. అడిగినవాడు తెలుగువాడు కావున చెప్పువాడు మర్యాదకై తెలుగు పేరే చెప్పవచ్చును. అప్పుడు పట్టికయంతయు తెలుగై, ఇది చెడిన తెలుగే యను పాతమాట మరల బలపడును. క్రియలతో ఆరంభించినచో ఆ ప్రమాదము తక్కువ. తిను, తాగు, చూడు, విను, ఉండు, ఇచ్చు, ఎఱుగు అను ధాతువులను, వాని భూత వర్తమాన వ్యతిరేక రూపములను, మూడు పురుషలలోను, రెండు వచనములలోను, పూర్ణవాక్యములుగా వ్రాసికొనవలెను. ఏ గూడెమున, ఏ వయసువారు చెప్పిరో గుర్తింపవలెను. తాత చెప్పిన రూపమునకును, మనుమడు చెప్పిన రూపమునకును గల భేదమే ఆ గూడెమున భాష యెంత నిలిచెనో చెప్పును. అక్షరములకు కొదవలేదు; పై యుదాహరణములన్నియు తెలుగు లిపిలోనే వ్రాసితిమి.

ఉపాధ్యాయులకు అంత పనియు అక్కఱలేదు. ‘ఉండు’, ‘తాకు’, ‘ఊడు’, ‘ఏరు’ అను నాలుగు మాటలకు తన తరగతిలోని కోయబిడ్డ యింట ఏ యర్థమో తెలిసిన ఉపాధ్యాయుడు వానిని మందమతి యనడు. తెలుగున ‘అవి’ యన్న బాలికను అవినీతురాలని మందలింపడు.

చేయి అన్నవారును కయ్ అన్నవారును, తింటి నన్నవారును తిత్తోండన్నవారును ఒక పూర్వగృహమునుండి వెడలినవారు. ఒక తోబుట్టువునకు కావ్యములు, శాసనములు, విశ్వవిద్యాలయములు లభించినవి. రెండవదానికి దానిని పలుకువారి నోరే గ్రంథము. తెలుగు ధాతువుల చరిత్ర పూర్ణముగా వ్రాయవలెనన్నను ఆ గ్రంథమును చదువక తప్పదు. మైదానమునకు చేరువనున్న గూడెములలో అది ఒక్కొక్క తరముతో ఒక్కొక్క పుట తఱుగుచున్నది గనుక, చదువు పనిని ఈ తరమువారే చేపట్టవలెను.